బి.ఇడి. చదువు: మా ఇంటి తొమ్మిదేళ్ల పద్దు

మా చెల్లెలి కూతురికి ఈ ఏడాది బి.ఇడి. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చింది. పోయిన ఆదివారం పాకాల నుంచి ర్యాంకు కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చి, "మామయ్యా, బి.ఇడి.లో చేరమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు" అని అడిగింది. నాకు ఆ ఒక్క మాట దొరకలేదు. లోపలికి వెళ్లి ఎర్ర అట్ట నోటు పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

నేను చిత్తూరులో బెల్లం మండీ గుమాస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రైతుల సరుకు తూకం, తరుగు, కమీషను, హమాలీ రాస్తున్న చేయి ఇది. మా పెద్దమ్మాయి 2016లో బి.ఇడి.లో చేరిన రోజు నుంచి ఆ చదువు కోసం ఖర్చయిన రూపాయి, ఆ చదువు వల్ల వచ్చిన రూపాయి ఈ పుస్తకంలో రాస్తూ వచ్చాను. మిక్సీ కొన్నా, ఫోను కొన్నా నలుగురిని అడిగి కొంటాం. రెండేళ్ల వయసూ లక్ష రూపాయలూ పోసి కొనే చదువు గురించి మాత్రం "టీచరు ఉద్యోగం కదా, ఆడపిల్లకు మంచిది" అన్న మాట మీదే నిర్ణయం తీసుకుంటున్నాం. నేనూ అలాగే తీసుకున్నాను. మా మేనకోడలికి చూపిన పద్దునే ఇక్కడ అందరికోసం రాస్తున్నాను.

ముందు ఖర్చు. అమ్మాయి బి.ఎస్సీ. గణితం చదివింది. ఎడ్‌సెట్ ర్యాంకు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గానీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో గానీ సీటు తెచ్చేంత మంచిది కాదు. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో తిరుపతి శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీ వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి ట్యూషన్ ఫీజు మా చేతి నుంచి పోలేదు. అందుకే "ఉచితంగా చదువు" అనుకున్నాం. పుస్తకంలో మాత్రం ఇలా ఉంది. ప్రవేశ పరీక్ష, కౌన్సెలింగ్, తిరుగుళ్లకు 3,400. కాలేజీ వారు ప్రత్యేక రుసుము, ప్రాక్టికల్ రుసుము అంటూ మొదటి ఏడాది తీసుకున్నది 14,000, రెండో ఏడాది 11,500. ఈ రెండింటికీ రసీదు ఇవ్వలేదు. బాలాజీ కాలనీ దగ్గర హాస్టల్ నెలకు 3,200 చొప్పున ఇరవై నెలలకు 64,000. నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చిపోయే బస్సు ఛార్జీలు 5,600. రికార్డులు, చార్టులు, బోధనోపకరణాలు, ప్రింట్లు 9,200. కాలేజీ యూనిఫారం చీరలు 2,800. మొత్తం 1,10,500 రూపాయలు.

ఇందులో యాభై వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. రెండేళ్లకు వడ్డీ 24,000 అయింది.

పుస్తకంలో నేను మొదట రాయనిది, తర్వాత రాయక తప్పనిది ఇంకొకటి ఉంది. అమ్మాయి డిగ్రీ పూర్తి చేసిన వేసవిలోనే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగానికి రమ్మన్నారు. నెలకు 8,000. వద్దనుకున్నాం. ఇరవై నాలుగు నెలలకు లెక్కగడితే 1,92,000. అది ఖర్చు కాదు, రాని జమ. మండీలో అయినా సరుకు అమ్మకుండా గోదాములో పెట్టుకున్న రైతుకు పోయేది కళ్లకు కనిపించదు. కాలేజీ ఫీజు కన్నా, హాస్టల్ కన్నా, అన్నిటికన్నా పెద్ద పద్దు అదే. ఈ చదువు ఖరీదు అడిగినవారికి ఎవరూ ఆ అంకె చెప్పరు. సంవత్సరమున్న కోర్సును జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో రెండేళ్లు చేసింది, 2015లో చేరినవారి నుంచి అమలైంది. అంటే ఆ రాని జమ ఒక్కసారిగా రెట్టింపయింది.

ఇక చదువు ఎలా ఉందన్నది. నిబంధన ప్రకారం తరగతులకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. అమ్మాయి కాలేజీలో సీట్లు వంద. రోజూ వచ్చేవారు ఇరవై ముగ్గురు. మిగతావారు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, హాజరు కోసం వేరుగా డబ్బు కట్టి, పరీక్షలకు మాత్రం వచ్చేవారు. రికార్డులు డబ్బులిస్తే రాసిపెట్టే మనుషులు ఉన్నారు. "నాన్నా, నేను రాత్రి ఒంటిగంట దాకా రాసిన రికార్డుకూ, వాళ్లు కొన్న రికార్డుకూ ఒకే మార్కులు వేశారు" అని ఒక శనివారం ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. పిల్లలకు పాఠం చెప్పబోయేవారికి మొదటి పాఠంగా దొంగ హాజరును నేర్పే చోటు అది. ఆ కాలేజీకి ఐదులో ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేను.

కాలేజీ వేరు, చదువు వేరు. ఆ ఇరవై ముగ్గురికీ చెప్పిన మనోవిజ్ఞాన శాస్త్రం మాస్టారు ఉన్నారు. రోజూ శ్రీకాళహస్తి నుంచి వచ్చి, పది మంది ఉన్నా వంద మంది ఉన్నట్టే చెప్పేవారట. మైక్రో టీచింగ్ ఆయన దగ్గరే నేర్చుకుంది. తోటి విద్యార్థులనే పిల్లలుగా కూర్చోబెట్టి, ఐదారు నిమిషాల్లో ఒకే ఒక్క నైపుణ్యం సాధన చేయడం: ప్రశ్న అడగడం ఒక రోజు, నల్లబల్ల వాడకం ఒక రోజు, ఉదాహరణ చెప్పడం ఒక రోజు. వినడానికి చిన్న విషయం. ప్రశ్న అడిగాక జవాబు కోసం నోరు మూసుకుని ఆగడం తనకు ఎంత కష్టమైందో అమ్మాయి చెప్పినప్పుడు, నన్ను చదివించిన మాస్టర్లలో అలా ఆగినవారు ఎందరని ఆలోచించాను. ఒక్కరే గుర్తొచ్చారు.

రెండో ఏడాదిలో పదహారు వారాలు చంద్రగిరి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంటర్న్‌షిప్. ఈ కోర్సులో డబ్బుకు తగిన సరుకు ఎక్కడ ఉందని నన్నడిగితే ఈ పదహారు వారాలు చూపిస్తాను. ఎనిమిదో తరగతికి శాతాలు, లాభనష్టాలు చెప్పాలి. పుస్తకంలోని లెక్క పిల్లలకు పట్టడం లేదని ఫోను చేసింది. మండీలో పాతబడిన తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు, ఒక కట్ట కట్టి, రైతుల పేర్లు నల్ల సిరాతో కొట్టేసి, ఆదివారం బస్సులో తీసుకెళ్లి ఇచ్చాను. బుధవారం మళ్లీ ఫోను. ఆ ఊరి పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో చెరకో, టమాటానో, మామిడో ఉంది. పట్టీ చేతికిచ్చేసరికి తరగతి అంతా లేచి నిలబడిందట. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతె, "టీచర్, కమీషను లెక్కగట్టేది తరుగు తీయకముందా, తీసిన తర్వాతా?" అని అడిగింది. మా అమ్మాయికి జవాబు తెలియదు. "మా నాన్నను అడిగి రేపు చెబుతాను" అందట. రెండు విధాలుగా లెక్క కట్టి, రైతుకు ఎంత తేడా వస్తుందో నాకు ఫోనులో చదివి వినిపించింది. తెలియదని పిల్లల ముందు ఒప్పుకుని, మర్నాడు జవాబుతో వెళ్లింది. మర్నాడు ఆ పిల్లే బల్ల దగ్గరికి వచ్చి రెండు లెక్కలూ చేసి చూపించిందట. మా అమ్మాయి ఆ వారంలో టీచరైంది. సర్టిఫికెట్ ఏడాది తర్వాత వచ్చింది.

ఇక జమ వైపు. 2018లో కోర్సు అయిపోయింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వ బడుల్లో టీచర్ల నియామకానికి డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. నాలుగు నెలల కోచింగ్, హాస్టల్ కలిపి 28,000 అయింది. డీఎస్సీ కోచింగ్‌కు పేరున్న అవనిగడ్డకు వెళ్లాలని అమ్మాయికి ఉంది, అంత దూరం పంపే శక్తి మాకు లేక తిరుపతిలోనే చేర్చాను. పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టు, గణితంలో, రెండు మార్కుల తేడాతో పోయింది. మళ్లీ డీఎస్సీ రేపో మాపో వస్తుందని అనుకున్నాం. తర్వాతి నియామకం జరిగింది 2025లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది. ఇరవై రెండేళ్లకు పట్టా పుచ్చుకున్న పిల్లకు ఆరున్నరేళ్లు అంటే ఎంతో లెక్క చెప్పడం నా వల్ల కాదు.

ఆ ఆరున్నరేళ్లలో చేసినది ప్రైవేటు బడి. 2019 జూన్‌లో చిత్తూరులోని ఒక బడిలో నెలకు 9,000. జీతం పది నెలలకే, వేసవికి లేదు. అదే బడిలో బి.ఇడి. లేకుండా, డిగ్రీతోనే చెబుతున్న ఇంకొక అమ్మాయికి 8,500. ఈ అంకె తెలిసిన రాత్రి నేను పుస్తకం ముందు చాలాసేపు కూర్చున్నాను. బి.ఇడి. పట్టాకు ఆ బడి కట్టిన విలువ నెలకు ఐదు వందలు, ఏడాదికి ఐదు వేలు. 1,10,500 తిరిగి రావాలంటే ఇరవై రెండేళ్లు పడుతుంది, వడ్డీ వదిలేసినా. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్ బడిలో పెట్టమన్నారు. మధ్యలో మానేస్తే నెల జీతం కట్టి విడిపించుకోవాలి. మా అమ్మాయి కట్టింది కూడా.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ తర్వాతి సంవత్సరమంతా జమ వైపు గీత తప్ప ఏమీ లేదు. వీధిలో ఐదారుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పింది కానీ, వాళ్ల తల్లిదండ్రుల పరిస్థితీ మాలాంటిదే, డబ్బు అడగలేకపోయింది. 2021 సెప్టెంబరు నుంచి ఎనిమిది నెలలు 11,000 చొప్పున, ఆ తర్వాతి ఏడాది పది నెలలు 12,500, పెళ్లయి తిరుపతికి వెళ్లాక ఒక ఏడాది 14,000, మరుసటి ఏడాది 16,000. 2019 జూన్ నుంచి 2025 ఏప్రిల్ దాకా అన్నీ కూడితే 6,03,000 రూపాయలు. డెబ్బై ఒక్క నెలలకు పంచితే నెలకు ఎనిమిదిన్నర వేల లోపు. 2016లో బి.ఇడి. లేకుండా ఫ్యాక్టరీ ఇస్తానన్నది 8,000. ఆ ఉద్యోగంలో చేరిన ఆమె స్నేహితురాలి జీతం ఇప్పుడు 22,000.

అమ్మాయికి ఈ లెక్క చూపించలేదు. తనే ఒకసారి పుస్తకం తీసి చూసింది. ఏమీ అనలేదు. చివరి పేజీలో మూడుచోట్ల నేను చేసిన కూడికల తప్పులు దిద్ది పెట్టింది.

ప్రభుత్వ ఉద్యోగం వస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది, ఆ సంగతి దాచకూడదు. అమ్మాయితో హాస్టల్లో ఒకే గదిలో ఉన్న పలమనేరు పిల్లకు 2025 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. 2022 వేతన సవరణ ప్రకారం ఆ స్కేలు 44,570తో మొదలై 1,27,480 దాకా వెళ్తుంది. మూల వేతనమే ఏడాదికి 5,34,840. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలిపితే ఆరు లక్షలు దాటుతుంది. కాంట్రిబ్యూటరీ పెన్షన్‌కు మూల వేతనం, కరువు భత్యం మీద పది శాతం కోత ఉంటుంది, పాత పెన్షన్ లేదు. అయినా మా అమ్మాయి ఆరేళ్లలో సంపాదించింది ఆ అమ్మాయి ఒక్క ఏడాదిలో సంపాదిస్తుంది. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే గది, ఒకే మాస్టారు. ఆ ఇరవై ముగ్గురిలో ఇప్పటిదాకా ప్రభుత్వ ఉద్యోగం వచ్చినవారు నలుగురు. ఇది మా ఒక్క తరగతి సంగతి. కానీ చేరేముందు ప్రతి ఒక్కరూ తాము చేరబోయే కాలేజీలో ఈ అంకె అడగాలి.

2025లో మా అమ్మాయి మళ్లీ రాసింది. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో తన మార్కులను 2024 అక్టోబరులో 118 నుంచి 131కి పెంచుకుంది. డీఎస్సీలో రాత పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ కాబట్టి అక్కడే ఒకటిన్నర మార్కుకు పైగా కలిసింది. ఆన్‌లైన్ పాఠాలు, పుస్తకాలు, పోస్టుకు 750 చొప్పున దరఖాస్తు రుసుము అన్నీ కలిపి 7,450 అయింది. పసివాడైన కొడుకును మా ఇంట్లో వదిలి చదివింది. ఈసారి ఒకటిన్నర మార్కు తేడాతో పోయింది. ఇప్పుడు తిరుపతి బడిలో 18,000 జీతం.

ఆ డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు. ఆ అంకె పేపర్లో చూసి మా వీధి వీధంతా సంతోషపడింది. అందులో 6,371 ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులు, వాటికి బి.ఇడి. పనికిరాదు. 2018 జూన్‌లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ప్రాథమిక తరగతులకు కూడా బి.ఇడి. వారిని తీసుకోవచ్చని తలుపు తెరిచింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసింది. చిన్న పిల్లలకు చెప్పే శిక్షణ డి.ఎల్.ఇడి.లో ఉందనీ, బి.ఇడి. దానికి బదులు కాదనీ తేల్చింది. మా అమ్మాయికి నష్టం చేసిన తీర్పే అయినా, ఒకటో తరగతి పిల్లల వైపు నుంచి చూస్తే అది సరైనదేనని నేను నమ్ముతున్నాను. స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 7,725. అవి అన్ని సబ్జెక్టులకూ, అన్ని ఉమ్మడి జిల్లాలకూ కలిపి. గణితానికి, అందులో ఉమ్మడి చిత్తూరుకు, అందులో తన రిజర్వేషన్ వరుసకు వచ్చేసరికి మిగిలే పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పేపర్లో పెద్ద అక్షరాల్లో వచ్చే అంకె వేరు, మన పిల్ల పోటీ పడే అంకె వేరు.

ఇంటర్ దగ్గర ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఇంకో మాట. ప్రాథమిక బడిలో చెప్పాలన్న ఇష్టం ఉంటే కార్వేటినగరంలోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్ మన జిల్లాలోనే ఉంది, అక్కడ డి.ఎల్.ఇడి. రెండేళ్లు. డిగ్రీ మూడేళ్లు, ఆపైన బి.ఇడి. రెండేళ్లు కాకుండా ఇంటర్ తర్వాత రెండేళ్లకే చేతికి పట్టా వస్తుంది. సెకండరీ గ్రేడ్ స్కేలు 32,670తో మొదలు. ఉన్నత పాఠశాలే కావాలంటే నాలుగేళ్ల సమీకృత బి.ఇడి.ని చూడాలి. 2030 నాటికి అదే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. డిగ్రీ, బి.ఇడి. విడివిడిగా చదివితే ఐదేళ్లు, అది నాలుగేళ్లు. నేను ఇందాక చెప్పిన రాని జమలో ఒక ఏడాది మిగులుతుంది.

మా మేనకోడలు అన్నీ విని, "అయితే వద్దంటావు" అంది. వద్దనలేదు. మా అమ్మాయికి ఫోను కలిపి ఇచ్చాను. ఇద్దరూ గంట మాట్లాడుకున్నారు. నాకు వినిపించిన మాట ఒకటే. "ఆ పదహారు వారాలు నా దగ్గర నుంచి తీసుకుని లక్షా పదివేలు తిరిగిస్తామన్నా నేను ఇవ్వనే. కానీ ఆ పదహారు వారాలు నిజంగా ఉండే కాలేజీలో చేరు."

నేను మేనకోడలికి చెప్పింది ఇదీ. కౌన్సెలింగ్‌లో కాలేజీ పేర్లు పెట్టేముందు, ఏ పండుగా సెలవూ లేని రోజున, ఉదయం పదకొండు గంటలకు చెప్పకుండా ఆ కాలేజీకి వెళ్లు. ఆఫీసు గదిలోకి పోవద్దు. తరగతి గది తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టు. ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారో అడుగు, ఆ బడి హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లి కిందటేడు వాళ్లు నిజంగా వచ్చారా అని అడుగు. ఇంట్లో రెండేళ్లు జీతం రాకపోయినా, ఆపైన నాలుగైదేళ్లు పది, పదిహేను వేలతో గడిపినా తట్టుకోగలరా అని మీ నాన్నను అడుగు. తట్టుకోలేం అంటే అందులో సిగ్గుపడాల్సింది లేదు, ముందు సంపాదించి తర్వాత చదువుకోవచ్చు. డీఎస్సీ వయోపరిమితి చిన్నది కాదు, 2025లో ఓసీలకే 44 ఏళ్లు ఇచ్చారు. డబ్బు కట్టిన ప్రతిచోటా రసీదు తీసుకో. అడిగితే ముఖం చిట్లించే కాలేజీ అయితే అక్కడే వెనక్కి తిరుగు.

నిన్న రెండు కాలేజీలు చూసి వచ్చి రాత్రి ఫోను చేసింది. మొదటిదానిలో పెద్ద గది, ఏడుగురు, మాస్టారు లేరు. రెండోది పాత భవనం, ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయి, కానీ యాభైలో ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. ఒక అబ్బాయి బల్ల దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ మైక్రో టీచింగ్ చేస్తున్నాడు, వెనక బెంచీలో మేడమ్ కూర్చుని రాసుకుంటున్నారు. హాస్టల్ మాత్రం ఇప్పుడు నెలకు 5,500 అట.

"రసీదు సంగతి అడిగావా?" అన్నాను.

"మరచిపోయాను మామయ్యా. రేపు మళ్లీ వెళ్తాను" అంది.